పాయింట్లకు పెట్టిన బొట్టు

సరోజా,

మన పాత కారు స్టార్టయింది. ఈ సంతోషం నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

నువ్వు లేని మొదటి ఆయుధపూజ కదా, నీలాగే కారుకు గంధం, కుంకుమ నేనే పెట్టాను. మర్నాటి నుంచి ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. మెకానిక్కు ఆశ వదులుకోమన్నాడు. పాత ఇనుము కొనే హొసకోటె గుజరీవాడు ఈ రోజు తీసుకుపోయి తుక్కు చేస్తానంటే, సరేనన్నాను.

పొద్దున మన పద్మ చివరిసారి చూస్తానని బానెట్ ఎత్తి, ఇంజనుకు నిప్పురవ్వ అందించే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల ఒకదాన్నొకటి తాకే చిన్న లోహపు పాయింట్లను చూసింది.

"అప్పా, ఈడ పాయింట్లకు గంధం పూసిందెవురప్పా?"

"నేనేమ్మా. మీయమ్మ పెడతా ఉండె గదా."

"అమ్మ మూతపైన పెడతా ఉండె. బొట్టు పెట్టమంటే నువ్వు కంట్లో పెట్టినావు."

గీకి, తుడిచి, తాళం తిప్పింది. ఒక్క దెబ్బకే అందుకుంది సరోజా, నా ప్రాణం లేచి వచ్చింది. గుజరీవాణ్ణి రావద్దని చెప్పేశాను.

తర్వాత పద్మే దేవనహళ్ళి దాకా నడిపింది. నేను నీ సీట్లో కూర్చున్నాను. అటువైపు కిటికీ అద్దం పూర్తిగా పైకి రాదని నాకు ఈ రోజే తెలిసింది. ఇన్నేళ్ళూ చెవిలో గాలి కొడుతున్నా ఒక్కసారైనా చెప్పలేదేమే?