బిస్కెట్ల డబ్బాలో దాచిన మాత్రలు

చిట్టీ, మేమిద్దరం ఉన్నాం. ఉన్నామంటే ఉన్నాం, అంతే.

మీ నాన్నకు ఇక్కడ ఆసుపత్రిలో క్యాన్సర్ మందు ఈ వారం ఆపేశారు. నోరంతా మళ్ళీ తెల్లగా పూసింది. నాలుగు రోజులుగా మంచినీళ్ళు కూడా మింగలేకపోతున్నారు, మాటా లేదు, అన్నీ సైగలే. పూత గీకి పరీక్ష చేస్తే ఫంగసేనట, ఎప్పుడూ ఇచ్చే మాత్రకు లొంగడం లేదట.

"మాత్రలు ఎప్పుడైనా మధ్యలో మానేశారా?" అని డాక్టరమ్మ అడిగింది. పూత తగ్గగానే, మిగిలినవి పారేయడమెందుకని డబ్బాలో దాచి, మళ్ళీ పూసినప్పుడల్లా రెండేసి ఇచ్చింది నేనే కదా! నేను నోరు తెరిచేలోపే మీ నాన్న, "నేనే మానేశానమ్మా. మా ఆవిడ వేసుకోమని పోరుతూనే ఉంది" అన్నారు. "సగం సగం వేసుకుంటే అది చావదు, మందుకు రాటుదేలుతుంది" అని డాక్టరమ్మ ఆయనకే చీవాట్లు పెట్టింది. తలొంచుకుని పడ్డారు.

ఇప్పుడు సెలైన్‌లో వేరే మందు ఎక్కిస్తున్నారు. చూడాలి.

వంటింటి పై అరలో ఆ డబ్బా ఉంది. అట్టల మీదున్న మందు పేర్లు కాగితం మీద రాసి వెంటనే పంపు. రాశాక అన్నీ పారెయ్, నాలాగా ఒక్కటీ దాచకు. నాన్నకు మెత్తటి బ్రష్షు కావాలి. కుళాయి బాగుచేయించావా? తమ్ముడు వేళకు తింటున్నాడా? ఇద్దరూ చల్లగా ఉండండి.

చోటు లేక అంచున రాస్తున్నాను. రేపు డాక్టరమ్మకు నిజం చెప్పేస్తాను. ఆయన నోట ఒక్క మాట వస్తే చాలని నాలుగు రోజులు ఎదురుచూశాను. వచ్చిన మాట అదీ.

అమ్మ