వైరు పట్టుకుని కూర్చున్న ఆదివారం

జూన్ 14, ఆదివారం సాయంత్రం

మన చర్చి కీబోర్డు మాస్టారికి,

మీ వైర్లు చూసే ఎలక్ట్రీషియన్ నమస్కారాలతో రాస్తున్నది. ఇంట్లో మేమిద్దరం క్షేమం. మీరూ, డ్రమ్స్ బాబాయీ కులాసానా? పొద్దున చూసినవాణ్ణే, అయినా ఉత్తరమన్నాక అడగాలి కదా.

పాటలు ఏడుపుల్లా సాగుతున్నాయని, మిమ్మల్నిద్దర్నీ మాన్పించి రికార్డు పెట్టుకుందామని సలహాల పెట్టెలో ఎవరో చీటీ వేశారు. దాని మీద శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. మీరు దిగులు పెట్టుకోకండి. నేనొస్తాను.

ఎందుకంటారా? పొద్దున మీ ప్లగ్గు వదులైపోయి, ఆరాధన అయ్యేదాకా స్పీకరు వెనక నక్కి వైరు పట్టుకుని కూర్చున్నాను. ఇరవయ్యేళ్లుగా బెంచీ మీద నుంచి వింటున్నాను గానీ, మీ వెనక నుంచి చూడటం ఇదే మొదలు. మాస్టారూ, నా మతి పోయింది!

మీరు పుస్తకం చూడరు. పాస్టరుగారినీ చూడరు. మూడో బెంచీలో మా ఆవిడ భుజాలు చూస్తారు. ఊపిరి కోసం ఆ భుజాలు లేచాయో లేదో, మీ వేళ్లు ఆ స్వరం మీదే ఆగిపోతాయి. బాబాయి పుల్లలు పక్కన పడేసి వేళ్లతో తడతాడు. ఆమె అందుకున్నాక గానీ ఇద్దరూ కదలరు. ప్రతి చరణానికీ అంతే. నలభై మంది పాడుతుంటే ఒక్క మనిషి ఊపిరిని ఎలా కనిపెడతారండీ?

పాటకి ముందు మీరు బటన్ నొక్కితే కీబోర్డు తెర మీద మైనస్ నాలుగు కనపడింది. అదేంటని బాబాయినడిగాను. మా ఆవిడకి గొంతు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ శ్రుతి దించుకొస్తున్నామని, ఆవిడ గొంతు ఎక్కడుంటే పాట అక్కడుంటుందని, ఈ సంగతి ఇంట్లో ఊదావంటే నిన్ను ఆ వైరుతోనే కట్టేస్తానని అన్నాడు.

నలుగురిలో ఒక్కసారి గొంతు చీలిందంటే మళ్లీ చర్చి గడప తొక్కనని ఆమె అప్పట్లో తెగేసి చెప్పింది. ఇంతవరకూ చీలలేదు. ఇవాళ భోజనాల దగ్గర, తన గొంతు పూర్తిగా తిరిగొచ్చేసిందని ఎంత మురిసిపోయిందో! అవునని తలూపాను. అదంతా మీ ఇద్దరి చలవే. చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

ఇట్లు,
ఇవాళ్టిదాకా చెవులుండీ లేనట్టే బతికిన
మీ ఎలక్ట్రీషియన్

తా.క.: ఆ చీటీ వేసింది నేనే మాస్టారూ. శుక్రవారం అందరి ముందూ ఒప్పుకుంటాను. మరి మనసెందుకు మారిందని నిలదీస్తారు, కమిటీలో ఉన్న మా ఆవిడే ఎదురుగా ఉంటుంది. కాబట్టి కారణం చెప్పను. సంగీతం తెలీని మొద్దునని, ఏదో తోచక రాశానని అంటాను. అందరికంటే గట్టిగా ఆమే నవ్వుతుంది. మీరూ నవ్వేయండి. వచ్చే ఆదివారం మాత్రం మైనస్ నాలుగే ఉంచండి.