ఎడమ ఫోర్కుకు కట్టిన కంకణం

నవంబర్ 3, సోమవారం

గుంట ఎదురైతే నువ్వు వంగుతావా, విరుగుతావా?

నిన్న హాల్లో మైకు పట్టుకుని ఇదే అడిగాను. రామచంద్రరావుగారు తల ఊపారు. ఆయన దేనికైనా ఊపుతారు. ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, మా ఉప్పల్ కాలనీ సత్సంగానికి ఆయనే పెద్ద. నేను ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. నాచారం ప్లాస్టిక్ కంపెనీ స్టోర్స్‌లో, లంచ్ అవర్లో, జేబులో గీత పెట్టుకుని ఒక్కో శ్లోకం నమిలి మింగాను. అందుకే మెత్తగా చెప్పడం రాదు నాకు. నిప్పు పెట్టడమే వచ్చు.

ఇవాళ ఆ నిప్పు నాకే అంటుకుంది. సాయంత్రం సిరి కొత్త బండి తెచ్చింది.

మా అమ్మాయి డర్ట్ బైకులు తోలుతుంది. వారమంతా పోచారంలో ఆఫీసు, శని ఆదివారాలు అన్నోజిగూడ అవతల మట్టి ట్రాకు. ఇరవై మూడున అక్కడ రేసు మీట్. తనకి మొదటిది. పాత బండి నేను కొనిచ్చిందే. దాని ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఊళ్లో అన్ని బళ్లకీ ఉన్నట్టే ఉంటుంది: సన్న గొట్టం పైన, లావు గొట్టం కింద. కొత్తదానిది తలకిందులు. లావుది పైన బిగించారు, మెరిసే సన్న గొట్టం కింద, చక్రం దగ్గర. యూఎస్‌డీ అంటారు నాన్నా, అప్‌సైడ్ డౌన్ అంది. తలకిందులవడం కూడా గొప్పేనా అన్నాను. పదిహేనో అధ్యాయంలో చెట్టుకి వేళ్లు పైన, కొమ్మలు కింద, దానికి మాత్రం దణ్ణం పెడతావ్ అంది.

నా కూతురే.

నవంబర్ 5, బుధవారం, కార్తీక పౌర్ణమి

బండి పూజ. ట్యాంకుకి కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ. కంకణం హ్యాండిల్‌కి కట్టబోతే సిరి ఒప్పుకోలేదు. కేబుల్‌కి అడ్డమొస్తది నాన్నా, ఇంకెక్కడా వద్దు అంది. సరే అన్నాను.

వాళ్లమ్మకి హారతి పళ్లెం ఇవ్వడానికి తను లోపలికి వెళ్లింది. కంకణం లేని బండి మీద నా బిడ్డని పంపనా? కూర్చుని ఫోర్కుకి కట్టేశాను. చక్రం దగ్గర, ప్లాస్టిక్ తొడుగు వెనక, ఎవరికీ కనబడకుండా. ఇన్నేళ్లుగా కాలనీలో ఎవరి బండికైనా నేను కట్టే చోటు అదే. మగవాళ్ల బండికి కుడివైపు. ఇది ఆడపిల్ల బండి. ఎడమవైపు కట్టాను. పసుపు బాగా పట్టించాను, ముడి గట్టిగా బిగించాను.

మనసు కుదుటపడింది. ఒక గంట.

నవంబర్ 9, ఆదివారం

సత్సంగం అవగానే నన్ను కూడా ట్రాకుకి లాక్కెళ్లింది. మాటలొద్దు నాన్నా, రెండూ తోలి చెప్పు అంది. నరేన్ అక్కడే ఉన్నాడు. నాచారంలో షెడ్డు వాడిదే. సిరి బళ్లు రెండూ చూసేది వాడే, ఈ కొత్తది ఎంచిందీ వాడే. నా నామం మీద హెల్మెట్ చూసి, సార్ ఇయ్యాల ఉపదేశం బండికా అన్నాడు.

ముందు పాతది. నిలబడి తోలాలట. వరసగా గతుకులొచ్చాయి. మోచేతుల దాకా జల్లెడ పట్టినట్టు. బ్రేకు వేస్తే ముందు భాగం సాష్టాంగపడింది. చిన్న దిబ్బ మీంచి ఎగిరి దిగితే లోపల అడుక్కి టంగుమని తగిలి నా పళ్లు కలుసుకున్నాయి.

తరవాత కొత్తది. అవే గతుకులు. చక్రం గంతులేస్తోంది, నా చేతులకి కబురే లేదు. బ్రేకు వేస్తే తల దించలేదు. దిబ్బ దిగితే కుంగింది, ఎక్కడో నెమ్మదిగా ఆగింది, అంతే నెమ్మదిగా లేచింది. విసిరికొట్టలేదు. సుఖంలో దుఃఖంలో ఒక్కలా ఉండమని నేను మైకులో అరిచి చెప్పేది ఇనప గొట్టం చేసి చూపిస్తోంది.

కోపం వచ్చింది. నచ్చినందుకు.

పాతదేం తక్కువ అని నరేన్‌ని నిలదీశాను. తక్కువేం లేదు సార్, నిమ్మళంగ పోతే అదే మంచిది అన్నాడు. స్పీడుల గుంట మీద గుంట తగిలితే దాని లోపల నూనెకు ఊపిరాడదంట. గిది గట్ల గాదు, లావు గొట్టం పైన పట్టుకుంటది కాబట్టి వంగదు, కుంగేది ఎంత, లేసేది ఎంత, స్క్రూ తిప్పితే చెప్పినట్టు ఇంటది అన్నాడు. ఒక్కటే ఫికర్ సార్, మెరిసే గొట్టం కింద ఉంటది, పైకి కిందికి లావుది దాని మీదనే జారుతది, మస్తు సాఫ్ ఉంచాలె అన్నాడు.

శుచి గురించి నాకు చెబుతున్నాడు. నాకు!

నవంబర్ 12, బుధవారం

పార్కింగ్‌లో కొత్త బండి కింద రూపాయి బిళ్లంత నూనె మరక. తుడిపించాను.

నవంబర్ 15, శనివారం

పడింది.

మలుపులో బ్రేకు పట్టలేదంట. నేరుగా పోయి ఇసక బస్తాల్ని కొట్టింది. మోచేతికి కుట్లు. దవాఖానాలో నొప్పి లేదు నాన్నా అని నాకే ధైర్యం చెప్పింది. నేను ఏం చదువుతున్నానో తెలియకుండా జేబులో పుస్తకం తిరగేశాను. అక్షరాలు నిలవలేదు. ముందు బ్రేకు. అదే పట్టలేదు! ఆ బస్తాల స్థానంలో బండ ఉంటే?

నరేన్ ఆటోట్రాలీలో బండి తెచ్చి మా గేటు దగ్గర దింపాడు. ఎడమ ఫోర్కు ఆయిల్ సీలు, నూనె ఆపే రబ్బరు, పోయింది, నూనె కారి బ్రేకు డిస్కు మీద పడింది సార్ అన్నాడు. డిస్కు కూడా ఎడమవైపే ఉంది. నూనె పడ్డ డిస్కుని బ్రేకు ఎట్లా పట్టుకుంటుంది? పొద్దున్నే షెడ్డుకి తీస్కపోత అని వెళ్లాడు.

వాడు వెళ్లాక చూశాను. కంకణం నల్లబడి వేలాడుతోంది. బిడ్డకి రావాల్సింది అది తీసుకుంది అనుకున్నాను. చెత్తబుట్టలో వేయకూడదు. విప్పి తులసి కుండీలో పూడ్చాను.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ మాట్లాడినట్టు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

తలకిందుల వాటిని నమ్మకండి అన్నాను. నేలకి దగ్గరగా ఉండాల్సింది బలం, తళుకు కాదు అన్నాను. పెద్దలు ఎట్లా నిలబెట్టారో అట్లా నిలబడ్డ పాత ఫోర్కు నా కూతుర్ని ఒక్కసారి పడెయ్యలేదు, ఫ్యాషన్ ఫోర్కు రెండు వారాల్లో పడేసింది, నాచారంలో షెడ్డు పెట్టుకుని పిల్లల ప్రాణాలతో ఆడుకుంటున్నారు అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, కాలనీలో సగం బళ్లు వాడి దగ్గరకే వెళతాయి.

తరవాత పసుపు కంకణాలు పంచాను. మగవాళ్లు కుడి, ఆడవాళ్లు ఎడమ, ముందు చక్రం దగ్గర, ఫోర్కుకి. చెయ్యి చాపనివాళ్లు లేరు. రామచంద్రరావుగారి మనవడు తేజేష్ కొత్త బండి గేటు బయటే ఉంది. దానికి నా చేత్తో నేనే కట్టాను. రామచంద్రరావుగారు వీడియో గ్రూపులో పెట్టారు. నిప్పుకణికలండీ దామోదర్‌గారూ అన్నారు.

ఇంటికొస్తే మా ఆవిడ తారామణి అన్నం పెట్టి, ఊరందరి అహంకారం దించే మనిషికి మన గుమ్మం ఎత్తు చాలటం లేదండీ అంది.

నవంబర్ 18, మంగళవారం

నిన్న రాత్రి నరేన్ బాగుచేసి బండి పంపాడు. కొత్త సీలు, కొత్త బ్రేకు ప్యాడ్లు. ఫోర్కు ఖరాబ్ కాలే, ఏందో సందుల దూరి సీలును గీసింది, ఏందో నాకు సమజ్ అయితలేదు అని సిరితో అన్నాడంట. వీడియో సంగతి ఎత్తనే లేదంట.

పొద్దున్నే మళ్లీ కట్టాను. ఎడమవైపే. ఈసారి మూడు పేటలు.

నవంబర్ 20, గురువారం

కంపెనీ నుంచి వస్తూ షెడ్డు ముందు ఆగాను. ఎప్పుడూ రోడ్డు మీదికి బళ్లుండేవి. ఇవాళ ఒక్కటీ లేదు. నరేన్ ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ లేవడమే నాకు గుచ్చుకుంది. హారన్ కొట్టి వచ్చేశాను.

సిరి మూడు ముక్కల కన్నా ఎక్కువ మాట్లాడటం లేదు. పడేసింది ఫోర్కు కాదు నాన్నా, నూనె, ఆ తేడా తెలియకుండా మైకు ఎట్ల పట్టినవ్ అంది. ఇవే ఆ ముక్కలు.

కూర్చోలేను. పడుకోలేను. పుస్తకం ఎక్కడ తెరిచినా దంభం, దర్పం అనే పేజీయే వస్తోంది.

నవంబర్ 22, శనివారం, ఉదయం 9

రేపు మీట్. సిరి స్నానం చేస్తుంటే, నిన్న ట్రాకులో తోలి తెచ్చిన బండి తుడుద్దామని దిగాను. ఎడమ గొట్టం తడిగా ఉంది. వేలు పెడితే నూనె. మళ్లీ!

తిట్టబోయాను నరేన్‌ని. నోటిదాకా వచ్చింది.

కుడి గొట్టం ముట్టుకున్నాను. పొడి. అద్దంలా ఉంది. నా నామం కనబడుతోంది.

ఒకే బండి. ఒకే ఫోర్కు. ఒకే మట్టి, ఒకే గతుకులు, ఒకే మెకానిక్కు. ఎడమ కారుతోంది, కుడి కారడం లేదు. కుడివైపు లేనిదీ ఎడమవైపు ఉన్నదీ ఒక్కటే.

హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కాను. పై లావు గొట్టం సర్రున దిగి కంకణం మీదికి వచ్చింది. దారాన్ని నెట్టింది. వదిలితే లేచింది. సీలు రబ్బరు పెదవి కింద ఒక పసుపు పోగు ఇరుక్కుని ఉంది. లాగితే వచ్చింది, పసుపు ముద్ద, ఇసక, నూనె కలిసి. ఉప్పుకాగితం మాదిరి గరగరలాడింది.

తులసి కుండీ తవ్వాను. మొదటి కంకణం. సగం పోగులు లేవు.

మామూలు బండికి అక్కడ కడితే ఏమీ కాదు. అక్కడ లావు గొట్టం ఉంటుంది, దాని మీద ఏదీ జారదు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. నాకు తెలిసిన చోటు మారలేదు, బండి మారింది. రెండు బళ్లని పక్కపక్కన నిలబెట్టి అంత తీర్పు చెప్పాను, ఒకే బండికున్న రెండు కాళ్లని పోల్చి చూడలేదు.

ఎడమ. ఆడపిల్లని. బ్రేకు ఉన్న వైపే.

అదే రోజు, సాయంత్రం 4

సిరికి చెప్పాను. కంకణం చేతిలో పెట్టాను. ఒద్దన్నా కదా నాన్నా అంది. అరిచినా బాగుండేది. తారామణి వచ్చి, తులసి కుండీ ఎవరు తవ్వారని అడిగి, మా మొహాలు చూసి మళ్లీ లోపలికి వెళ్లింది.

బండి నేనే తోసుకుంటూ బయల్దేరాను. ఉప్పల్ నుంచి నాచారం దాకా, నడుస్తూ. ఎవరో ఆపి పెట్రోల్ అయిపోయిందా అన్నారు. అవును అన్నాను. అదీ అబద్ధమే.

నరేన్‌కి పోగులు చూపించాను. దగ్గరగా పెట్టుకుని చూశాడు. అబ్బ, గిదా అన్నాడు. వాడి మొహంలో ముందు తేలిక కనబడింది, వారమంతా తనని తాను అనుమానించుకున్నాడేమో. స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. తప్పు నాది, క్షమించు అన్నాను, మెల్లగా, పక్క టైర్ల షాపువాడికి వినబడకుండా.

నరేన్ చేతులు తుడుచుకున్నాడు. మైకుల తిట్టినవ్ సార్, చెవుల జెప్తే ఎట్ల అన్నాడు.

సీలు మార్చాడు. రేపు ట్రాకుకి మాత్రం రానన్నాడు. పంతులుగారి బిడ్డను పడగొట్టినోడు గీడే అని సూపిస్తరు సార్, నాకెందుకది అన్నాడు. సిరికి ఫోన్ చేసి చెప్పాను. నరేనన్న లేకుండా నేను స్టార్ట్ లైన్ దగ్గరికి పోను అని పెట్టేసింది.

అప్పుడు తట్టింది. తేజేష్. ఆ బండి ముందు గొట్టాలు కూడా తలకిందులే. నేనే కట్టాను, నా చేత్తో. రామచంద్రరావుగారికి ఫోన్ చేశాను. మనవడు రేపు పొద్దున హాలుకే తెస్తాడు, మీరు కంకణం కట్టాకే బండి తీస్తున్నాడండీ అన్నారు. విప్పించండి అన్నాను. నవ్వారు. పరీక్ష పెడుతున్నారా దామోదర్‌గారూ, విప్పుతామా అన్నారు. విషయం చెబుతుండగానే ఎవరో వచ్చారని పెట్టేశారు. మళ్లీ ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. దానికి దణ్ణం బొమ్మ వచ్చింది.

ఎంతమందికి పంచానో ఎవరిది ఎలాంటి బండో నాకు తెలియదు. చెవిలో చెబితే అందరికీ అందదు.

నవంబర్ 23, ఆదివారం, ఉదయం 6

హాల్లో చదవడానికి ఇంతే రాసుకున్నాను. శ్లోకం లేదు. నరేన్‌ని ముందు వరసలో కూర్చోమని నిన్న రాత్రి సిరి వెళ్లి పిలిచింది.

పోయిన ఆదివారం నేను చెప్పింది తప్పు. నరేన్ తప్పు లేదు, ఫోర్కు తప్పు లేదు. నా కూతుర్ని పడేసింది నేను కట్టిన దారం. మీ బండి ముందు చక్రం దగ్గర మెరిసే గొట్టానికి అది ఉంటే, మీకూ అదే జరుగుతుంది. మీరు నన్ను నమ్మి కట్టుకున్నారు, ఇప్పుడూ నన్నే నమ్మండి. తలుపు దగ్గర కత్తెర పెట్టాను. ప్రసాదం తరవాత కాదు. ఇంటికెళ్లాక కాదు. లేవండి, వెళ్లి కోసెయ్యండి, ఇవాళే, ఇప్పుడే. తేజేష్, ముందు నువ్వు.