అద్దాల అలమారలో పెట్టవలసిన తూటాలు

బోజ్‌మన్, మోంటానా
ఏప్రిల్ చివర

గౌరవనీయురాలైన ఓర్లీన్ అత్తయ్యగారి సముఖానికి, మేనల్లుడు డెల్మర్ టోపీ తీసి, నడుం వంచి వ్రాయునది.

నేనిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమేనా? మామూలుగా ఈ ముక్క మర్యాదకి రాస్తారు. ఈసారి జవాబు కోసం రాస్తున్నాను.

మీ పుట్టినరోజు విందులో, చర్చి హాల్లో, అందరి ఎదుటా నేను సమర్పించిన తూటాల పెట్టె గురించి ఈ విన్నపం. మామయ్య పోయాక, ఆయన తూటాలు నింపుకునే ప్రెస్సు మీరు నాకిస్తే, ఇంట్లో దానిమీద నా చేతులతో నింపిన తొలి తూటాలవి. "ప్రతి తూటాలోనూ తుపాకిమందుతోపాటు నా ప్రేమ కూడా కూరాను" అని ఉపన్యసించాను కూడా.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, అంత అందమైనవాటిని పేల్చడం అన్యాయమనిపిస్తోంది. మీ నార్వే చెంచాల పక్కన, అద్దాల అలమారలో పెట్టండి. తాళం వేయండి.

సదా మీ విధేయుడు,
డెల్మర్

తా.క.: ఆ తాళంచెవి ఎక్కడైనా పారేసుకున్నా నేనేమీ అనుకోను.

---

లూయిస్‌టౌన్

చిరంజీవి డెల్మర్‌కి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయిరా. అంత మంచి సరుకుని అలమారలో మగ్గబెడితే మీ మామయ్య ఆత్మ నన్ను తిట్టిపోస్తుంది. మే నెలాఖరున మా క్లబ్బులో ఆడవాళ్ళ పోటీ ఉంది. మామయ్య రివాల్వరు తుడిచి నూనె పెట్టాను. నీ తూటాలే వాడతా. అప్పుడు చూడాలి, ఏటా కప్పు ఎగరేసుకుపోయే ఆ గ్లాడిస్ మొహం.

ఫోన్ చేయకు. మొన్నటి మంచుకి తీగ తెగింది. ప్రాణానికి హాయిగా ఉంది.

ఆశీస్సులతో,
ఓర్లీన్ అత్తయ్య

తా.క.: మందు పోశాక, పైన గుండు బిగించేముందు, ప్రతి ఇత్తడి గొట్టంలోకీ టార్చి వేసి మందు ఎంతవరకుందో చూడమని నీకో టార్చి కూడా ఇచ్చాను. చూశావుగా? చూసే ఉంటావులే. మా డెల్మర్ కదా.

---

బోజ్‌మన్

అత్తయ్యగారికి డెల్మర్ నమస్కారాలు.

టార్చి చాలా బాగుంది. వెలుగు తెల్లగా ఉంది. బ్యాటరీలు కొత్తవాటిలాగే ఉన్నాయి.

పోటీ సంగతి విని పొంగిపోయాను. అయితే కాలేజీలో రసాయనశాస్త్రం వెలగబెట్టినవాణ్ణి కనుక ఒక శాస్త్రీయ సత్యం మనవి చేసుకోవాలి. మన మోంటానా చలికి ఇత్తడి ముడుచుకుంటుంది. ముడుచుకున్న ఇత్తడి మనసు విరిగిన మనిషిలాంటిది, దాన్ని కదపకూడదు. నేను కొట్లోంచి కొత్త పెట్టె కొని పంపిస్తాను. వాటిలో ప్రేమ ఉండదు. ఫరవాలేదు, అవే పేల్చండి.

మీ డెల్మర్

తా.క.: పేల్చేటప్పుడు మీరు కళ్ళద్దాలు పెట్టుకుంటారా? ఊరికే అడుగుతున్నాను.

మరో తా.క.: రివాల్వరు మొహానికి ఎంత దూరంలో పట్టుకుంటారు? ఇదీ ఊరికే.

---

లూయిస్‌టౌన్

ఒరేయ్ డెల్మర్,

చదువుకున్నవాడు ఇంట్లో ఉంటే ఎంత మేలు. చలికి ముడుచుకుంటాయన్నావు కదా, పెట్టె తీసుకెళ్ళి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను. వెచ్చగా ఉంటాయి, పాపం.

సగం నట్సన్ పాస్టర్‌గారికి ఇచ్చాను. నీ ఉపన్యాసం విన్నప్పటినుంచీ ఆయనకి నువ్వంటే గురి. పోటీ రోజున ప్రార్థన చేసి, మొదటి గుండు ఆయనే పేలుస్తానన్నారు. పిల్లల పాటల బృందాన్ని పక్కనే నిలబెడతారట.

ప్రేమతో,
అత్తయ్య

తా.క.: కళ్ళద్దాలెందుకురా? అవి దగ్గరివి చూడ్డానికి. గురి దూరంగా ఉంటుందిగా.

---

బోజ్‌మన్
ఎక్స్‌ప్రెస్ టపా

అత్తయ్యా,

పేల్చకండి. పాస్టర్‌గారిని పేల్చనివ్వకండి. ముందు లేచి ఆ పెట్టెని పొయ్యి పక్కనుంచి తీసేయండి. తీశాక మిగతాది చదవండి.

ఆ రోజు మందు పోస్తూ రేడియోలో బాస్కెట్‌బాల్ పెట్టుకున్నాను. వద్దని మీరు చెప్పారు. ఆఖరి నిమిషంలో మన కాలేజీవాళ్ళు బంతి బుట్టలో వేశారు, నేను కుర్చీలోంచి ఎగిరాను. మళ్ళీ కూర్చున్నాక ఏ గొట్టం దాకా పోశానో గుర్తు లేదు. ఇక్కడిదాకా అనుకుని మళ్ళీ మొదలెట్టాను. విందుకి టైమైపోతోందని టార్చి వేయలేదు. దారిలో కారు నడుపుతుంటే అనుమానం వచ్చింది. వచ్చినా, హాల్లో అందరూ చప్పట్లు కొడుతుంటే నోరు రాలేదు.

ఏదో ఒకదాంట్లో రెండుసార్లు మందు పడి ఉండవచ్చు. అది పేలితే రివాల్వరు మీ చేతిలోనే పగులుతుంది. ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాయాలి. రాయబోయి, ఇత్తడి ముడుచుకుంటుందని రాశాను. ఇత్తడి బాగానే ఉందత్తయ్యా. ముడుచుకుపోయింది నేనే.

పాస్టర్‌గారికీ, క్లబ్బువాళ్ళకీ నేనే వచ్చి చెబుతాను. ఆ హాల్లోనే, మళ్ళీ నిలబడి.

డెల్మర్

తా.క.: టార్చి అట్టపెట్టెలోంచి ఇప్పటికీ బయటికి రాలేదు.

---

లూయిస్‌టౌన్

నా చిట్టి వెధవకి,

ఈ ఉత్తరం ఎప్పుడొస్తుందా అని రోజూ టపాపెట్టె దగ్గరికి నడిచి నడిచి నా మోకాళ్ళు బాగుపడ్డాయి.

నీకు తెలియదు కనుక చెబుతున్నా. ఈ ఊళ్ళో ఎవరూ ఇంకొకరు ఇంట్లో నింపిన తూటా పేల్చరు. పళ్ళ బ్రష్షు లాంటిదది. ఎవరైనా ఇస్తే నవ్వి పుచ్చుకుంటాం, ఇంటికెళ్ళి ఊడదీస్తాం. మీ నాన్న బిల్లింగ్స్‌లో బూట్ల కొట్టు పెట్టుకుని నీకీ మర్యాద నేర్పలేదు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళంతా మనసులో నవ్వుకున్నారు.

విందైన సాయంత్రమే కళ్ళద్దాలు పెట్టుకుని, తూటాలు ఊడదీసే సుత్తితో ఒక్కొక్కటీ ఊడదీశాను. ప్రేమ సంగతి నాకు తెలియదు గానీ, ఒకదాంట్లో మందు మాత్రం రెండుసార్లు కూరావు.

పొయ్యి అబద్ధం. పాస్టర్ అబద్ధం. ఆయన్ని వాడుకున్నందుకు నాకూ సిగ్గేసి ఒక యాపిల్ పై చేసి పట్టుకెళ్ళాను. ఎందుకో అడగకుండా తినేశారు.

మందు రెండుసార్లు పోయడం ఎవరికైనా జరుగుతుంది, మీ మామయ్యకీ జరిగింది. అందుకే టార్చి. కానీ నువ్వు నీ మొహం కాపాడుకోవడానికి ఇన్నాళ్ళూ నా మొహాన్ని పణంగా పెట్టావురా. నీ మొదటి ఉత్తరం చదివి నేను ఏడ్చింది దానికే.

ఆఖరికి నిజం చెప్పావు కనుక ప్రెస్సు వెనక్కి తీసుకోను. పోటీకి రా. హాల్లో నిలబడి చెబుతానన్నావు, చెప్పు. ఆ తర్వాత మా ఇంట్లో, నా పక్కన కూర్చుని మొదట్నుంచీ నేర్చుకో. బల్లమీద మందు ఒక్క రకమే ఉండాలి, ఒంట్లో మందు అసలుండకూడదు, గదిలో రేడియో అంతకన్నా ఉండకూడదు.

అత్తయ్య

తా.క.: ఊడదీసిన మందంతా పెరట్లో పుల్లకాడల రూబార్బ్ మొక్కల మడిలో చల్లాను. ఎరువులా పట్టింది, కాడలు నా చెయ్యంత లావయ్యాయి. వాటితో చేసిన జామ్ సీసా పంపుతున్నాను. కాగితంలో చుట్టింది మందు రెండుసార్లు పడ్డ ఆ తూటా తాలూకు సీసం గుండు, నీ బల్లమీద ఎదురుగా పెట్టుకో. ముందు అది తీసి పెట్టు, సీసం విషం, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో, ఆ తర్వాతే జామ్ ముట్టుకో. కడుక్కున్నావో లేదో ఉత్తరం రాయి. నిజం రాయి.