ఉగాది మరునాటి కోడికూర

ఎర్రగుంట్ల,
హేవిళంబి చైత్ర శుద్ధ చవితి.

మా ఇంటామె ఓబులమ్మకు ఆశీర్వదించి రాసేది. నా రాత వంకరటింకరగా ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పినచోట సర్దుకొని చదివి వినిపించమని అమ్మాయి సిద్దమ్మకు చెప్పు. వీధిబడి చదువు ఇంతే. ఇక్కడ నేనూ గొడ్లూ బాగున్నాము. అక్కడ బద్వేలిలో నువ్వు, సిద్దమ్మ, పసివాడు, అల్లుడు బాగున్నారని తలుస్తాను.

నువ్వు జాబులో అడిగినవాటికి జవాబు. బర్రె బాగానే పాలిస్తోంది. నేను వేళకే తింటున్నాను. పక్కింటి హనుమమ్మ రోజూ సంగటి పంపుతోంది. ఉగాదినాడు ముంతలో పచ్చడి కూడా పోసి ఇచ్చింది. ఇక మీ అన్న సంగతి అడిగావు.

సిద్దమ్మ పెండ్లిలో మేనమామను మొదటి బంతిలో కూర్చోబెట్టలేదని పెద్ద ఈరన్న అలిగి, మన ఇంట్లో చెయ్యి కడగనని ఒట్టు పెట్టుకున్నాడు కదా. ప్రతి పండక్కీ నువ్వు వాకిట్లో నిలబడి ఆయన దారే చూస్తావు. ఉగాది మరునాడు ఆయనే వచ్చాడు. గడప మాత్రం దాటలేదు. అరుగు మీద కూర్చొని, "చెల్లెలికి మనవడు పుట్టినాడంట కదా, అందరూ బాగుండారా?" అన్నాడు.

"బాగుండారు" అన్నాను. ఆయన కండువా దులుపుకొని, "బస్సొస్తాది, పోతా" అని లేచాడు.

ఇప్పుడు పోతే ఇక రాడని భయం పట్టుకుంది. నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో, "కోడికూర పొయ్యి మీద ఉండాది బావా, రెండు ముద్దలు తిని పో" అనేశాను. పండగ మరునాడు కోడి కోయని ఇల్లుండదు గదా, నమ్మాడు. తింటానని అనలేదు, మళ్ళీ కూర్చున్నాడు.

పొయ్యి మీద ఏముంది? పొయ్యే వెలిగించలేదు. పెరట్లోకి పోయి, ఇంకా గుడ్డుకు రాని నీ నల్లపెట్టను తరిమాను. అది గడ్డివామి చుట్టూ తిరుగుతూ ఊరంతా వినపడేలా అరిచింది.

అరుగు మీదనుంచి మీ అన్న, "బావా, పొయ్యి మీదుండే కూర శానా అరుస్తాండాదే!" అన్నాడు.

"ఇది ఇంగోటి బావా" అన్నాను.

"ఓహో, దానికి తోడా?"

ఎట్లాగో పెట్టను పట్టి కోశాను. ఈకలు పీకే పొద్దు లేక తోలుతోనే ఒలిచేశాను. తొందరగా ఉడకాలని ముక్కలు చిన్నగా కొట్టాను. చెనిక్కాయల నూనెలో ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, పసుపు, కారం వేసి, ముక్కలు ఎర్రగా వేయించాను. మెత్తబడ్డాక పులుసు పోసి, చిక్కబడగానే దించాను. అన్నం హనుమమ్మ ఇచ్చింది.

మీ అన్న చెయ్యి కడిగాడు. మొదటి ముద్ద నోట పెట్టుకొని నమలడం ఆపేశాడు.

"ఏం బావా, తియ్యగుండాదే!"

నేను చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టాను. ఇంకో ముద్ద తిన్నాడు. "పుల్లగా గూడా ఉండాది." చట్టి అడుగు గీరించుకొని తిన్నాడు. "అచ్చం మాయమ్మ చేసినట్టే ఉండాది. నీకెవరు నేర్పించినారు?"

"మీ చెల్లెలే" అన్నాను.

కండువాతో కళ్ళు తుడుచుకొని, "కారం ఎక్కువైంది" అన్నాడు. కారం ఎక్కువేమీ కాలేదు. బస్సు వచ్చి పోయింది, ఆయన పోలేదు. పొద్దు వాలేదాకా కూర్చొని, "ఓబులమ్మను నేనే పోయి పిల్చుకొస్తా. ఈ కూర దాని చేత్తో తినల్ల" అని లేచాడు.

సిద్దమ్మా, ఇక్కడినుంచి అల్లుడికి వినపడకుండా చదువు తల్లీ. ఓబులమ్మా, నేను పోసింది చింతపండు పులుసు కాదు. తొందరలో హనుమమ్మ ఇచ్చిన ముంత ఎత్తి పోశాను. వేపపూత పైకి తేలేదాకా అది ఉగాది పచ్చడని నాకు తెలియలేదు. బెల్లం, చింతపండు, మామిడికాయ అన్నీ కూరలో కలిసిపోయాయి. వేపపూత గరిటెకు దొరికినంత తీసేశాను. దొరకనిది మీ అన్న తిన్నాడు.

పున్నమి పోయాక ఆయన బద్వేలికి వస్తాడు. తిరుగు బస్సులోనే కూర మాట ఎత్తుతాడు. "ఏం కూర?" అని నువ్వు అడిగావంటే నా పని అయిపోతుంది. నిజం చెప్పాలనుకుంటే నువ్వే చెప్పు, నాకు అంత నోరు లేదు. ఒక్క సంగతి మాత్రం నాకు రాయి. మీ అమ్మ నిజంగానే కోడికూరలో బెల్లం వేసేదా? వేసేదని రాస్తే నాకు నిద్ర పడుతుంది. వేయకపోయినా, వేసేదనే రాయి. ఆయన బయల్దేరకముందే నీ జాబు నాకు అందాలి.

ఇట్లు,
సిద్దమ్మ నాయన