వేలు దానంతట అదే లేచింది

నవంబర్ 24, సోమవారం
చామంతులు కడుతుంటే దారం మళ్ళీ జారిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం ఉన్నట్టే ఉండదు. కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది. అత్త చూసింది. "మీ అమ్మకీ ఇట్లే కదా మొదలైంది?" జవాబు కోసం ఆగలేదు. పూలబుట్ట తన వైపు లాక్కుంది.
కోపం రాలేదు. నేనూ అదే అనుకుంటున్నాను కదా.

నవంబర్ 25
అమ్మ చేతులు... బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట గుంట. చిన్నప్పుడు ఆ గుంటలో నీటిచుక్క నిలబెట్టి ఆడుకునేదాన్ని. అమ్మ కదలకుండా కూర్చునేది. ఇప్పుడు గ్లాసు రెండు చేతులతో ఎత్తుతుంది. ఎవరైనా వస్తే చేతులు కొంగులో దాచేస్తుంది. ఏ డాక్టరుకూ చూపించలేదు.

నవంబర్ 27, గురువారం
తిరుపతి. ఆసుపత్రి. డాక్టరమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని నొక్కమంది. అమ్మ గురించి అడిగింది. నరాలకూ కండరాలకూ పరీక్ష రాసింది, మంగళవారానికి.
నర్సు చెప్పింది — అన్నం తినే రావచ్చు. స్నానం చేసి రావాలి. నూనె, క్రీము ఏదీ పూయకూడదు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, గుండెకు మిషను ఉంటే ముందే చెప్పాలి. నాకు అవేవీ లేవు.
బస్సులో మా ఆయన — "కరెంటు పెడతారంట. భయంగా ఉండాదా?" తల అడ్డంగా ఊపాను. భయం కరెంటంటే కాదు.

డిసెంబర్ 1
సబ్బు రాసి గాజులు తీశాను. ఒట్టి చేతులతో పోకూడదని అత్త పసుపు దారం కట్టింది. చప్పుడు లేని చేతులు. ఎవరివో అనిపిస్తున్నాయి.

డిసెంబర్ 2, మంగళవారం
పొద్దున్నే అత్త గిన్నెతో వచ్చింది. వావిలాకు వేసి కాచిన ఆముదం. "చెయ్యి ఇట్లా తే. నరం మెత్తబడితే సూది నొప్పి తెలీదు." వద్దనాలి. చెయ్యి చాచాను. అత్త అరచేతులు ఎంత వెచ్చగా ఉన్నాయో... మోచేయి దాటేవరకు రుద్దించుకున్నాను.
ఆసుపత్రిలో తీగలున్న బిళ్ళలు చేతికి అంటుకోలేదు. అంటించడం, జారిపోవడం. పరీక్ష చేసే ఆమె చూసి, "ఏందిమ్మా, ఇది చెయ్యా, దోసెపెనమా? పూయొద్దని చెప్పలేదా?"
"మా అత్త..." అన్నాను. అంతే.
"సర్లే, అందరికీ ఉండారు అత్తలు." నవ్వింది. సబ్బు, స్పిరిట్టు, మళ్ళీ సబ్బు. తర్వాత వేడినీళ్ళలో చేతులు పెట్టించింది. చల్లగా ఉంటే నరం నెమ్మదిగా ఉన్నట్టు తప్పుగా చూపిస్తుందంట. నీళ్ళలో చేతులు తేలుతున్నాయి. నిద్ర వస్తున్నట్టుగా ఉంది.
మంచం మీద పడుకోబెట్టి, బిళ్ళలు అంటించి, మణికట్టు దగ్గర రెండు మొనల పుల్లలాంటిది ఆనించింది. టక్కుమని చిన్న దెబ్బ. వేలు దానంతట అదే లేచింది! నేను లేపలేదు. లోపలినుంచి ఎవరో పిలిస్తే పలికినట్టు. మళ్ళీ టక్. మళ్ళీ పలికింది. కొన్ని దెబ్బలు చురుక్కుమన్నాయి, అయినా నవ్వొచ్చింది.
కాళ్ళకూ పెట్టింది. కాళ్ళకు ఎందుకో.
చివర డాక్టరమ్మ సన్నటి సూదితో వచ్చింది. దీనిలో కరెంటు ఉండదు, ఊరికే కండ చప్పుడు వింటుంది అని చెప్పింది. గుచ్చినప్పుడు చురుక్కుమంది. "వదులుగా ఉంచు" — నిశ్శబ్దం. "ఇప్పుడు బిగించు" — మిషనులోంచి రేకుల మీద వాన పడినట్టు చప్పుడు. నా చేతిలో ఇంత వానా... కళ్ళు మూసుకుని విన్నాను.

డిసెంబర్ 3
సూది దిగిన చోట నీలం మచ్చ. కొంచెం సలుపు. పోతుందంట.

డిసెంబర్ 5, శుక్రవారం
డాక్టరమ్మ మాటలు — మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం ఒక్కటే అయితే కాళ్ళలో తేడా ఉండకూడదు. ఉంది. తల్లినుంచి వచ్చిందేమో... "మీ అమ్మను కూడా పరీక్షిస్తే తెలుస్తుంది."
దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు. బస్సులో అందరూ చూస్తున్నా.
అత్త అంతా విని, కాసేపు చామంతులు కట్టింది. తర్వాత, "రమ్మను మీ యమ్మను. నాలుగు దినాలు ఈడే ఉంటాది. నూనె గిన్నె నేను ముట్టనులే."

డిసెంబర్ 6
నాయుడుపేటలో ఉన్న అమ్మకు ఫోను చేశాను. "నా చేతులు ఎవురూ చూడాల్సిన పన్లేదు" అంది అమ్మ. తర్వాత, "నొప్పి పుడతాదా?"
చెప్పాను. బిళ్ళలు, దెబ్బలు, సూది — ఏదీ దాచలేదు. నేను ఎప్పుడూ ఇంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ మధ్యలో ఊఁ కొట్టడం మానేసింది.
"నా చేతులేనా నీకొచ్చింది?" అంది.
తెలియదమ్మా, అందుకే రమ్మంటున్నా — అన్నాను.
వస్తానని అనలేదు. తిరుపతి బస్టాండు నుంచి ఆసుపత్రి ఎంత దూరమని మాత్రం అడిగింది.