ఒకటో నంబరు పెట్టె

ఒసాకా, 1998 ఫిబ్రవరి 9

హతనాకా పెద్దమ్మగారికి ఇసొగాయి కంట్రోల్స్ మూడోతరం యజమాని మసతాకా వంగి నమస్కరించి రాయునది.

ప్లమ్ పూలు విచ్చుకుంటున్న ఈ వేళ మీరు క్షేమమని తలుస్తాను. మీ స్నానశాల బాయిలర్ వేడిని అదుపు చేసే పెట్టె మా తాతగారు 1948లో తన చేతులతో చేసిన మొట్టమొదటిది. యాభై ఏళ్లుగా ఒక్క రిపేరు లేదు! స్వర్ణోత్సవానికి వేస్తున్న మా సంస్థ చరిత్రలో మొదటి పేజీ ఆ మాటే. పెట్టె మాకిస్తే అద్దాల బీరువాలో పెట్టుకుంటాం. బదులుగా కొత్తది ఉచితంగా బిగిస్తాం.

విధేయుడు,
మసతాకా

తా.క. మూడు కడ్డీల యోకాన్ మిఠాయి పంపుతున్నాను.

ఫిబ్రవరి 12

ఇసొగాయి గారి మనవడికి కినుయో హతనాకా ఆశీస్సులు.

పూలు నాకూ కిటికీలోంచి కనిపిస్తున్నాయి. అసలు సంగతికి రా. యాభై ఏళ్ల తర్వాత పెట్టె వెనక్కిమ్మంటావు, ఊరికే కొత్తదిస్తానంటావు, పైగా యోకాన్! క్షమాపణకు తప్ప అంత బరువైన మిఠాయి ఎవరు పంపుతారయ్యా? ఒక్క కడ్డీ అయితే చిన్న పొరపాటు అనుకునేదాన్ని. మూడా! పెట్టె పేలుతుందా?

ఇట్లు,
కినుయో

తా.క. నిన్నటి నుంచి రోజూ స్నానానికొచ్చే మా ముసలాళ్లు పదకొండు మందీ గుమ్మం పక్క తొట్టెలోనే ఇరుక్కుని కూర్చుంటున్నారు.

ఫిబ్రవరి 14

పెద్దమ్మగారికి మసతాకా నమస్కారాలు.

చలి ఇంకా వదలని ఈ రోజుల్లో మీకు కలిగిన ఆందోళనకు సంస్థ తరఫున క్షమాపణ కోరుతున్నాను. పెట్టెలో ఏ లోపమూ లేదు. కావాలంటే నేనే ఇంజనీరుతో వచ్చి చూపిస్తాను.

విధేయుడు,
మసతాకా

తా.క. యోకాన్ పంపడం నా తప్పే. అందుకు మరో రెండు కడ్డీలు పంపుతున్నాను.

ఫిబ్రవరి 17

మనవడా, దీవెనలు.

ఐదయ్యాయి! ఇక లాభం లేదని స్నానాలు ఆపేసి పెట్టె విప్పి చూశాను. నిక్షేపంగా ఉంది. ఉండదా మరి? రిపేరు లేదని ఎవడు చెప్పాడు నీకు? మీ తాత ప్రతి గురువారం వచ్చి, ముందు పెట్టె విప్పి, లోపల కరెంటు కలిసే చోట మసిబారిన పాయింట్లు ఉప్పుకాగితంతో రుద్ది, ఆ తర్వాతే నీళ్లలో దిగేవాడు. ముప్పై ఏళ్లు! ఆయన పోయాక ఇరవై ఏళ్లుగా నేను రుద్దుతున్నాను. ఆయనే నేర్పాడు.

ఇప్పుడు నాకు డెబ్బై తొమ్మిది. చెయ్యి వణుకుతోంది. నాతోపాటు పెట్టె కూడా మూలపడుతుందేమోనని నా భయం. "చెయ్యి ఆడనినాడు మా ఇంటికి కబురు పెట్టమ్మా, ఎవరో ఒకరు వస్తారు" అన్నాడు ఆయన. ఇదే ఆ కబురు.

కినుయో

తా.క. రిపేరు లేదని అచ్చువేస్తే ఆ గురువారాలన్నీ ఏమైపోవాలి?

ఫిబ్రవరి 27

పెద్దమ్మగారికి మసతాకా నమస్కారాలు.

పూల సంగతి వదిలేస్తున్నాను. మోకాళ్ల నొప్పికి వేడినీళ్లు మంచివని చెప్పి తాతగారు గురువారాలు వెళ్లేవారు. మేం నమ్మాం. "రిపేరు లేని పెట్టె" అని నాన్నగారు ఊరంతా చాటారు. ఆ మాట మీదే మా ఫ్యాక్టరీ లేచింది. దాన్ని నిజంగా నిలబెట్టింది తాతగారి చేతులూ, మీ చేతులూ. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

మొదటి పేజీ మార్చాను. ఇప్పుడక్కడ, నిన్న గురువారం పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు తీసిన మీ చేతుల ఫొటో ఉంది. అద్దాల బీరువా ఖాళీగానే ఉంది. లోపల ఒక చీటీ పెట్టాం: "ఒకటో నంబరు పెట్టె. ప్రస్తుతం పనిలో ఉంది."

ప్రతి గురువారం వస్తాను.

మీ శిష్యుడు,
మసతాకా

తా.క. నిన్న తీగ తప్పు కలిపి పదకొండు మందినీ చన్నీళ్లలో వణికించినందుకు ఒక్క కడ్డీ పంపుతున్నాను.